నల్ల గీతల కింద మిగిలిన పేరు

"ఫిర్యాదుదారు ఏనాడూ హెల్మెట్ల పనిలో చెయ్యి పెట్టలేదు. ఆమె పని బట్టలు ఉతకడం వరకే."

హార్లన్ స్టేట్ యూనివర్సిటీ లాయరు కోర్టుకిచ్చిన జవాబులో పదహారో పేజీలో ఉంది ఈ మాట. వెర్నా కోపెకీ దాన్ని అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం కింది నేలమాళిగలో, నాలుగు డ్రయ్యర్లు హోరెత్తిపోతుండగా, నిలబడే చదివింది. కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకుని మళ్ళీ చదివింది. అద్దాల తప్పేమీ లేదు.

జట్టు ఆటసామాన్ల గదికి మేనేజరు ఉద్యోగం తనకివ్వకుండా ట్రెంట్‌కి ఇచ్చినప్పుడు ఆవిడకు ఏడుపొచ్చింది గానీ ఇంత కోపం రాలేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ సామాన్ల గదిలో పడి ఉన్న మనిషి. ట్రెంట్‌కి ఇరవై ఏడేళ్ళు. ఒకప్పుడు ఇదే జట్టులో బంతి తన్నేవాడు, ఆ తర్వాత ఆటబూట్లు అమ్మాడు. వచ్చిన మొదటి రోజే పెద్ద వాషింగ్ మెషీన్ ముందు నిలబడి, "వెర్నా గారూ, దీని మూత ఎటు తిప్పాలండీ?" అనడిగాడు. పిల్లవాడు చెడ్డవాడు కాదు. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టినవాళ్ళ సంగతే చెప్పుకోవాలి.

కూర్చోబెట్టినాయన క్రీడల డైరెక్టరు గ్రాంట్ హోల్‌కూంబ్. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతాడు. ఆ రోజు వెర్నాని పైకి పిలిపించి కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు.

"మేనేజరన్నాక లాకర్ రూమ్‌లోకి వెళ్ళి రావాలి కదా వెర్నా. వందమంది మగపిల్లలు బట్టలు మార్చుకునే చోటు. నీకే ఇబ్బందని ఆలోచించాను."

"నాకు ఇబ్బందని నేను చెప్పానా సార్?"

"చెప్పవు. నీది అంత మంచి స్వభావం."

మేలు కోరుతున్నామంటూ ఆడమనిషి నోటి దగ్గరి ముద్ద లాక్కునేవాళ్ళు లోకమంతా ఉన్నారు. కాఫీ ఇచ్చి లాక్కోవడం హోల్‌కూంబ్ ప్రత్యేకత. వెర్నా ఆ కాఫీ తాగలేదు. నెల తిరక్కుండా ఆడదాన్నని పక్కన పెట్టారంటూ దావా వేసింది, ఉద్యోగం మాత్రం మానలేదు. రోజూ అదే నేలమాళిగకి వస్తూనే ఉంది.

బెల్ ఫోర్క్ చిన్న ఊరు. ఆట ఉన్న శనివారం పసిపిల్లల లాగుల దగ్గర్నుంచి పాస్టరుగారి మేజోళ్ళ దాకా అన్నీ జట్టు ఎర్రరంగే. అలాంటి ఊళ్ళో జట్టు మీద కేసు వేయడమంటే మాటలా? రొట్టెల దుకాణంలో గసగసాలు కూరిన కొలాచీ రొట్టెల కోసం నిలబడితే, ముప్ఫయ్యేళ్ళుగా ఒకే సీటు టికెట్టు కొంటున్న హార్వీ అనే పెద్దమనిషి వెనకనుంచి అందుకున్నాడు.

"ఏం వెర్నా, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావటగా?"

"వాసాలు కాదు హార్వీ, లాగులు లెక్కపెడుతున్నా. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. మీవాడు ఆడిన నాలుగేళ్ళూ వాడివీ నేనే ఉతికాను. ఏ ఆట తర్వాత ఎలా ఉండేవో చెప్పమంటావా?"

క్యూ అంతా గొల్లుమంది. హార్వీ తన కొలాచీ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక మాత్రం వెర్నా ఆ పొట్లం విప్పలేదు. నవ్వినవాళ్ళలో ఒక్కరూ తన పక్కన నిలబడి "నువ్వు చేసింది సబబే" అనలేదు. అది ఆవిడ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

పదహారో పేజీ చదివిన పూటే ఒమాహాలోని తన లాయరు ప్రిసిల్లా ఓడమ్‌కి ఫోన్ చేసింది. ప్రిసిల్లా పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉంటుంది. మాట కూడా అంతే గట్టి.

"అబద్ధం! పచ్చి అబద్ధం! పదకొండేళ్ళుగా ఆ జట్టులో ప్రతి తలకాయకీ హెల్మెట్ బిగించింది నేను!" అని అరిచింది వెర్నా.

"కోపం తర్వాత పడదాం వెర్నా. కోర్టులో కోపం చెల్లదు. కాగితం ఉందా?"

డ్రయ్యరొకటి ఆగి కీచుమంది.

"ఉంది. నా దగ్గర కాదు, వాళ్ళ దగ్గరే ఉంది. కానీ దాని జోలికి వెళ్ళేముందు నేనొకాయన్ని అడగాలి. ఆదివారం దాకా ఆగండి."

ఆ ఒకాయన ఆర్లో జెలినెక్. ట్రెంట్‌కి ముందు ముప్ఫై మూడేళ్ళు సామాన్ల గది మేనేజరు. పోయినేడు రిటైరైతే స్టేడియం మధ్యలో నిలబెట్టి సన్మానం చేశారు. మేనేజరు చేయాల్సిన అసలు పని హెల్మెట్లు బిగించడం. కొత్తగా చేరినప్పుడు వెర్నాకి అది నేర్పింది ఆయనే. ముందు కుర్రాడి జుట్టు తడపాలి. ఆటలో చెమట పట్టిన తల ఎలా ఉంటుందో అలాగన్నమాట, పొడి తలకి బిగిస్తే మైదానంలో జారిపోతుంది. తర్వాత దవడల పక్క మెత్తలు, ఆపైన చిన్న పంపుతో గాలి. కనుబొమలకీ హెల్మెట్ అంచుకీ మధ్య రెండు వేళ్ళ సందు. ఆఖర్న ముందున్న ఇనుప చట్రం పట్టుకుని కిందికి లాగితే నుదుటి చర్మం కూడా కదలాలి. కదలకపోతే మళ్ళీ మొదటికి.

పదకొండేళ్ళ కిందట ఆర్లో చేతులు వణకడం మొదలైంది. పంపు సూది రంధ్రంలోకి వెళ్ళేది కాదు. ఆ సంగతి పైవాళ్ళకి తెలిస్తే అప్పుడే ఇంటికి పంపేవారు. అందుకని వెర్నా కిటికీ దగ్గర నిలబడింది. సామాన్ల గదికీ లాకర్ రూమ్‌కీ మధ్య నడుమెత్తున ఒక కిటికీ ఉంది, కింద బల్ల. ఎప్పటి కట్టడమో, ఇప్పటి పిల్లల ఎత్తుకి బాగా కిందికి ఉంటుంది. ఒక్కొక్క కుర్రాడూ వచ్చి, నడుం వంచి, తల లోపలికి పెట్టేవాడు. వెర్నా తడిపేది, బిగించేది, లాగి చూసేది. సరిగ్గా ఉంటే హెల్మెట్ మీద ఒక చిన్న దెబ్బ వేసి, "తర్వాత!" అని కేకేసేది. ఆగస్టు వచ్చిందంటే మూడు రోజుల పాటు నూటపది తలలు అలా ఆవిడ ముందు వంగేవి. లాకర్ రూమ్‌లో అడుగు పెట్టాల్సిన పనే రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం చర్చి అయ్యాక వృద్ధాశ్రమానికి వెళ్ళింది. ఆర్లో ముందు గిన్నెడు చిల్లీ అనే మాంసం పులుసు, పక్కన దాల్చినచెక్క రొట్టె. చెంచా గిన్నె అంచుకి టకటకా కొట్టుకుంటోంది.

"మొహం వేలాడేసుకున్నావేంటి పిల్లా?"

వెర్నా పదహారో పేజీ చదివి వినిపించింది. ఆయన చెంచా కింద పెట్టేశాడు.

"ఆ కాగితాలు బయటికొస్తే నీ చేతుల సంగతి బయటపడుతుంది ఆర్లో. ఎవరికీ చెప్పనని నీకు మాటిచ్చాను. నువ్వు వద్దంటే వద్దు."

ముసలాయన గిన్నె పక్కకి జరిపాడు.

"నేను వెళ్ళిపోయేముందు హోల్‌కూంబ్ పిలిచి అడిగాడు, నా తర్వాత ఎవరైతే బాగుంటుందని. నీ పేరు నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకని అడుగుతాడు కదా, హెల్మెట్లు బిగించేది నువ్వే అని చెప్పాలి కదా. నోరు మూసుకున్నాను. మైదానంలో చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చాను."

వెర్నాకి ఈ సంగతి తెలీదు. ఒక్క క్షణం ఆ చిల్లీ గిన్నె తీసి గోడకేసి కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఇరవై నాలుగేళ్ళు తండ్రిలా చూసుకున్న మనిషి.

"అప్పుడు నోరు మూసుకున్నావ్. ఇప్పుడు?"

"ఇప్పుడు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఇక్కడ రోజూ నర్సు పాలకప్పు నా నోటికి పట్టిస్తోంది, ఇంకా ఎవరి దగ్గర దాచుకోవాలి చెప్పు?" చెంచా మళ్ళీ అందుకున్నాడు. "ఒక్క మంచిపని మాత్రం చేశాను పిల్లా. నా పేరు పెట్టబోతే నిన్ను ఆపాను. గుర్తుందా?"

గుర్తుంది. హెల్మెట్ పెట్టుకునేముందు ప్రతి ఆటగాడూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, దీంతో కూడా దెబ్బ తగలొచ్చని నాకు తెలుసు అంటూ. కింద, బిగించినవారి సంతకం. మొదటి ఏడాది వెర్నా అక్కడ ఆర్లో పేరు రాయబోతే ఆయన గదమాయించాడు. "బిగించిన చెయ్యెవరిదో పేరూ వాళ్ళదే ఉండాలి. ఆ కింది గీత ఆ పిల్లాడి తల్లికి మనమిచ్చే మాట." అప్పట్నుంచీ ప్రతి కాగితం మీదా వి. కోపెకీ అనే ఉంది. ఆ కాగితాలన్నీ పైన ఇనప బీరువాల్లో ఉన్నాయి. రేపెప్పుడైనా ఎవరి పిల్లాడి తలకైనా దెబ్బ తగిలి తల్లిదండ్రులు కోర్టుకెక్కితే చూపించడానికని యూనివర్సిటీ వాటిని బంగారంలా దాచింది. ఆటగాడి సంతకం ఉందో లేదో మాత్రం ఏటా సరిచూసుకునేవారు. కింది గీత వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు.

ప్రిసిల్లా ఆ కాగితాలు కావాలని అడిగింది. యూనివర్సిటీ లాయరు విట్లో డైరెక్టరుని అడిగితే, "ఆర్లో సంతకాలే కదా, ఇచ్చేయండి" అన్నాడట. విద్యార్థుల పేర్లు మాత్రం బయటికి పోకూడదని చట్టం. అందుకని ఆఫీసులో ఇద్దరు కూర్చుని నకళ్ళ మీద ఆటగాడి పేరు, పుట్టినతేదీ, సంతకం, తల్లిదండ్రుల పేర్లు అన్నీ ఒక్కటొక్కటిగా నల్లగా కొట్టేశారు. మూడు వారాలు పట్టింది వాళ్ళకి.

మూడు అట్టపెట్టెలు ఒమాహా చేరాయి. ప్రిసిల్లా ఫోన్ చేసి రమ్మంది. వెర్నా వెళ్ళేసరికి బల్లంతా కాగితాలు పరిచి ఉన్నాయి, లాయరమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

"చూడండి వెర్నా. వాళ్ళు చేసిపెట్టిన పని చూడండి. లక్ష పోసినా నేను చేయించలేను."

పేజీ నిండా నల్ల గీతలు. ఒక్క అక్షరం చదవడానికి లేదు. అడుగున మాత్రం ఒకే ఒక్క పేరు, తెల్లటి చోట, స్పష్టంగా, వి. కోపెకీ. తర్వాతి పేజీ అంతే, ఆ తర్వాతిదీ అంతే. పన్నెండువందల పైచిలుకు కాగితాల్లో యూనివర్సిటీ స్వయంగా, శ్రద్ధగా, అన్ని పేర్లూ చెరిపేసి ఆవిడ పేరు ఒక్కటే మిగిల్చింది.

వెర్నా నవ్వలేదు. ఒక కాగితం చేతిలోకి తీసుకుని ఆ పేరు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఆ నల్ల గీతల వెనక ఏ తల ఉందో ఆవిడకి తెలుసు. ఏడో నంబరు వాడికి నెత్తిన సుడి. ఆ లావు పిల్లాడికి చెవి వెనక కుట్లు. ఒకడు వాళ్ళ నాన్న చనిపోయిన వారంలో కిటికీలో తల పెట్టి పైకెత్తలేదు. వాడి జుట్టు రెండోసారి తడిపి, ఏమీ చూడనట్టు ఊరుకుంది.

"వెళ్దాం పదండి. హోల్‌కూంబ్‌ని చదవమందాం," అంది.

కోర్టు విచారణకి ముందే లాయర్లు ప్రమాణం మీద తీసుకునే డైరెక్టరు వాంగ్మూలం జులై మొదట్లో. పొడుగాటి బల్లకి ఒక పక్క హోల్‌కూంబ్, విట్లో. ఇంకో పక్క ప్రిసిల్లా, వెర్నా. చివర్న మాటమాటా టైపు చేసే ఆవిడ.

ప్రిసిల్లా చాలా మెత్తగా మొదలుపెట్టింది. "మీ దగ్గర అర్హత లేనివాళ్ళ చేత హెల్మెట్లు బిగిస్తారా సార్?"

"ఎన్నటికీ లేదు. పిల్లల తలలతో చెలగాటమా?" డైరెక్టరు ఛాతీ విరిచాడు.

"అర్హత లేని మనిషి బిగిస్తే?"

"నేరమంటాను నేను."

విట్లోకి ఏదో కీడు తోచి కళ్ళజోడు సర్దుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ప్రిసిల్లా ఒక కాగితం జరిపింది. "మీరే ఇచ్చారు. కింద ఎవరి పేరుందో చదవండి."

"...వి. కోపెకీ."

"ఇది?"

"వి. కోపెకీ."

"దీని మీద?"

తొమ్మిదో కాగితం దగ్గర ఆయన గొంతు గుసగుసలోకి దిగింది. టైపు చేసే ఆవిడ, "కాస్త గట్టిగా చెప్పండి సార్, నాకు వినబడాలి" అంది. పదో కాగితం గట్టిగానే చదివాడు. దాంతోపాటు ఆర్లో జెలినెక్ ప్రమాణపత్రం కూడా బల్ల మీదికొచ్చింది. అందులో పెద్దగా చదవాల్సిందేమీ లేదు, కింద గజిబిజిగా గీతలు పోయిన ఆయన సంతకం చూస్తే చాలు.

"ఇంకా పన్నెండువందలున్నాయి. అవి తర్వాత చదువుదురు గాని. ఒక్క ప్రశ్న. ఈ హెల్మెట్లు బిగించడానికి వెర్నా కోపెకీ అర్హురాలా, కాదా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అర్హురాలంటే పదహారో పేజీ అబద్ధమైపోతుంది. కాదంటే పదకొండేళ్ళ పాటు పన్నెండువందల సార్లు పిల్లల తలల్ని దేవుడికొదిలేశామని ఒప్పుకున్నట్టు. ఆ తల్లిదండ్రులందరికీ చదువొచ్చు, లాయర్లున్నారు. హోల్‌కూంబ్ పళ్ళు ఆ రోజు మొదటిసారి కనబడలేదు. విట్లో పది నిమిషాలు విరామం కావాలన్నాడు.

వరండాలో మంచినీళ్ళ మెషీను దగ్గర విట్లో వాళ్ళిద్దరినీ కలిశాడు. గౌరవంగా పదవీ విరమణ అన్నాడు. మంచి మొత్తం ముడుతుందన్నాడు. కేసు గురించి ఎక్కడా పెదవి విప్పకూడదు, అంతే. ట్రెంట్ ఉద్యోగం ట్రెంట్‌ది.

ప్రిసిల్లా వెర్నాని పక్కకి తీసుకెళ్ళింది. "నిజం చెప్పాలి మీకు. జ్యూరీ ఏమంటుందో ఎవరూ చెప్పలేరు. ఆ పన్నెండుమందీ శనివారం ఎర్రచొక్కా వేసుకునేవాళ్ళే. తీసుకున్నా తప్పు లేదు."

వెర్నా తిన్నగా విట్లో దగ్గరికి నడిచింది.

"చూడండి సార్. నన్ను నోరు మూసుకోవడానికి డబ్బిస్తారా? పదకొండేళ్ళు ఊరికే మూసుకున్నాను. ఆ ముచ్చట తీరిపోయింది. నాకు కావాల్సింది నా ఉద్యోగం. నేను చేస్తూనే ఉన్న ఉద్యోగం. ఇస్తే ఇవ్వండి, లేదంటే లోపలికెళ్ళి ఆయన్ని జవాబు చెప్పమనండి."

అందరూ లోపలికెళ్ళారు. టైపు చేసే ఆవిడ ప్రశ్న తిరిగి చదివింది. హోల్‌కూంబ్ వెర్నా వంక చూడబోయి బల్ల వంక చూశాడు.

"అర్హురాలే."

"దీనికోసం ఆమె ఒక్కసారైనా లాకర్ రూమ్‌లోకి వెళ్ళాల్సి వచ్చిందా?"

"తెలీదు."

"ఆ సామాన్ల గది కిటికీ ఎలా ఉంటుందో చూశారా?"

"లేదు."

"మీరు డైరెక్టరై ఎన్నేళ్ళయింది?"

"ఏడు."

జులై ఆఖరి వారంలో, పిల్లలు రావడానికి ఒకరోజు ముందు, పైనుంచి కబురొచ్చింది. ఒప్పందం సిద్ధం, మధ్యాహ్నం లోపల వచ్చి సంతకం పెట్టమన్నారు. "నాకు చేతినిండా పనుంది, కావాలంటే కిందికి రమ్మనండి," అని ఫోన్ పెట్టేసింది వెర్నా. సామాన్ల లెక్క రాసుకుంటున్న ట్రెంట్ పెన్ను జారవిడిచాడు. పై మాటకి అలా బదులివ్వొచ్చని ఆ అబ్బాయికి ఇన్నాళ్ళూ తెలీదు.

అరగంటకి హోల్‌కూంబ్ లాకర్ రూమ్ వైపునుంచి వచ్చాడు. కిటికీ అవతల ఆయన బెల్టూ, టైకొసా మాత్రం కనబడ్డాయి. పైనెక్కడో ఏదో మాట్లాడుతున్నాడు.

"డ్రయ్యర్ల చప్పుడండీ! వంగి, తల లోపలికి పెట్టి చెప్పండి!"

ఆరడుగుల నాలుగంగుళాల మనిషి నడుం వంచాడు. తల లోపలికొచ్చింది. మొహం కందిపోయి ఉంది. బల్ల మీద కాగితాలు పెట్టాడు. సామాన్ల గది మేనేజరు, వెర్నా కోపెకీ. ట్రెంట్ ఆమె కింద సహాయకుడు. రెండో పేజీలో అయిదో అంశం, ఈ వ్యవహారం గురించి ఆమె ఎక్కడా, ఎవరితోనూ మాట్లాడకూడదు.

ప్రిసిల్లా ముందే చెప్పింది. నచ్చని మాట కొట్టెయ్యండి, పక్కన వాళ్ళ చేత పొడి సంతకం పెట్టించండి అని. వెర్నా చొక్కాల మీద నంబర్లు వేసే లావు నల్ల మార్కరు తీసి, అయిదో అంశాన్ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నింపాదిగా రుద్దేసింది. ఒక్క అక్షరం మిగల్లేదు. మీ ఆఫీసువాళ్ళ దగ్గరే నేర్చుకున్నానండీ అంది.

"లాయర్లు ఒప్పుకోరు వెర్నా!"

"అయితే కోర్టులో జడ్జిగారి ముందు మిగతా పన్నెండువందలూ చదువుదురు గాని. గట్టిగా చదవాలి, వాళ్ళకి వినబడాలి."

ఆయన కక్కలేక మింగలేక చూశాడు. నడుం నొప్పెడుతున్నట్టుంది, కానీ లేస్తే మాట వినబడదు. చివరికి ఆ వంగిన తలతోనే, నల్ల గీత పక్కన తన పొడి అక్షరాలు పెట్టాడు. వెర్నా కింద వి. కోపెకీ అని రాసి, తన నకలు తీసుకుని, కలం మూత బిగించింది.

హోల్‌కూంబ్ వెనక లాకర్ రూమ్ ఖాళీగా ఉంది. ఒక్క పురుగు లేదు. అయినా వెర్నా బల్ల మీద చిన్నగా ఒక దెబ్బ వేసి, గొంతెత్తి కేకేసింది.

"తర్వాత!"